ఇంట్లో ఇన్సులిన్ ఇచ్చేవారు ముందు చూడవలసింది

మా సంఘంలో ఒక పెద్దమ్మగారికి చాలాకాలంగా షుగరు. పొద్దున, రాత్రి ఇన్సులిన్ సూది పడవలసిందే. ఆ సూది ఇచ్చేది కోడలు. పదో తరగతి చదివి, పొలం పనీ ఇంటి పనీ చూసుకొనే అమ్మాయి. ఆసుపత్రిలో ఒక్కసారి చూపిస్తే నేర్చుకుంది, ఏనాడూ తప్పు చేయలేదు.

ఒకరోజు సీసా అయిపోయింది. కొడుకు టౌనుకు వెళ్లి కొత్తది తెచ్చాడు. కోడలు ఎప్పటిలాగే పాత రకం సిరంజిలో 20 గీత వరకు లాగి ఇచ్చి, రాగిజావ తాగించింది. కొంతసేపటికి పెద్దమ్మగారికి ఒళ్లంతా చెమటలు, చేతుల వణుకు, పొంతన లేని మాటలు. గాలి సోకిందన్నారు ఒకరు. నీరసమే, పడుకోబెట్టండన్నారు మరొకరు. ఇంటర్మీడియట్ చదివే పక్కింటి పిల్ల మాత్రం, "షుగరు పడిపోయిందేమో అత్తా" అంటూ నీళ్లలో పంచదార కలిపి తెచ్చింది. ఇంకా మింగగలిగే స్థితిలో ఉంది గనుక తాగించి, ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. బ్రతికింది.

కోడలు చేసిన తప్పేమిటి? ఆమె లెక్క సరిగానే ఉంది. మారింది సీసా.

మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు బలాలలో దొరుకుతాయి. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండేది ఒకటి, 100 యూనిట్లు ఉండేది మరొకటి. వాటికి తగిన సిరంజిలు కూడా వేరే. 40కి సాధారణంగా ఎర్ర మూత, 100కి నారింజ రంగు మూత. ఈ రెండు రంగులూ దీపపు వెలుగులో ఒకేలా కనబడతాయి కనుక రంగును నమ్మకండి. సీసా మీదా సిరంజి మీదా అచ్చువేసిన అంకె చూడండి. రెండు చోట్లా ఒకే అంకె ఉండాలి.

ఎర్ర మూత సిరంజిలో 20 గీత అంటే అర మిల్లీలీటరు. అందులోకి 100 రకం మందు లాగితే వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు! రెండున్నర రెట్లు. తారుమారైతే, అంటే 40 మందును 100 సిరంజిలో 20 వరకు లాగితే, వెళ్లేది 8 యూనిట్లే. అప్పుడు షుగరు పెరిగిపోతూ ఉంటుంది, మందు పనిచేయడం లేదని మనం అనుకుంటాం. పెన్నులలో వాడేది చాలావరకు 100 రకం. పెన్ను పాడైందని దానిలోని మందును సిరంజితో లాగి ఇవ్వరాదు.

అమెరికాలో కొన్ని రాష్ట్రాలలో నర్సులు కాని సహాయకులు వృద్ధులకు మందులిస్తారు. ఇన్సులిన్ ఇవ్వాలంటే చాలాచోట్ల దానికి వేరే శిక్షణ కావాలి, కొన్నిచోట్ల అసలు ఇవ్వనివ్వరు. మన ఇళ్లలో ఆ బరువంతా కోడలి మీదో కూతురి మీదో పడుతుంది. కాబట్టి సీసా మారినా, సిరంజి మారినా, డాక్టరుగారినో నర్సమ్మనో అడగకుండా సూది ఇవ్వకండి. అడగడానికి సిగ్గెందుకు?

ఇక ఉపవాసం సంగతి. శ్రమల దినాలలో మన పెద్దవారు, చెప్పినా వినరు, ఉపవాసముంటామంటారు. ఎప్పటి మోతాదు వేసుకొని అన్నం మానితే షుగరు పడిపోతుంది. అలాగని ఇన్సులిన్ మానేయడమూ ప్రమాదమే, ముఖ్యంగా చిన్నతనం నుండి షుగరు ఉన్న పిల్లలకు. ఈ మందును మొదటిసారి 1922 జనవరిలో, టొరంటోలో, 14 ఏళ్ల బాలునికి ఇచ్చారు. అంతకుముందు అటువంటి పిల్లలు బ్రతికేవారు కారు. ప్రార్థన చేశాం, ఇక సూది అక్కరలేదని ఎవరైనా చెబితే, డాక్టరుతో మాట్లాడకుండా ఆపకండి. ఉపవాసముండాలనుకుంటే ముందుగానే ఆయనను అడగండి.

షుగరు పడిపోయిన సూచనలు కనబడితే, మనిషి మింగగలిగితే, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం నీళ్లు పోయరాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వాడని సీసాను ఫ్రిజ్‌లో ఉంచండి, గడ్డకట్టే అరలో మాత్రం వద్దు. గడ్డకట్టిన మందు పనికిరాదు. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుక పోసిన పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, అందులో ఉంచవచ్చు. తెరిచిన సీసా సుమారు నెలరోజులే. ఒకరి సూది మరొకరికి, భార్యాభర్తలైనా సరే, వాడకూడదు.

ఆ కోడలు ఇప్పుడు ప్రతి సీసా మీదా ప్లాస్టరు ముక్క అంటించి, తెరిచిన తేదీ రాస్తుంది. సూది ఇచ్చే ముందు అంకెలు రెండూ పైకి చదువుతుంది. అత్తగారికి చదువు రాదు. అయినా రోజూ పొద్దున్నే, "నలభైయేనా అమ్మాయ్?" అని అడిగిన తరువాతే చెయ్యి చాపుతుంది.