కొల్లేటి లంకలకు విహారయాత్ర

కృష్ణా గోదావరులు తెచ్చిన ఒండ్రు చెరియొక ప్రక్కను మెరక చేయగా, నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు ఇందులో కలుస్తాయి. ఉప్పుటేరు మిగులు నీటిని సముద్రానికి చేరుస్తుంది. నీటి నడుమనున్న మెరకలే లంకలు. పెద్దింట్లమ్మ గుడి గల కొల్లేటికోట అట్టిదే.

విద్యార్థులతో వెళ్ళడానికి శీతకాలం అనుకూలం. అప్పుడు కైకలూరు చెంతనున్న ఆటపాకలో గూడబాతులు గుంపులుగా గూళ్ళు కట్టుకొంటాయి. పడవ మరీ దగ్గరకు పోతే తల్లిపక్షులు లేచిపోతాయి. గ్రుడ్లూ పిల్లలూ ఎండకూ కాకులకూ గురి అవుతాయి. కనుక దూరంనుండే దుర్భిణితో చూడాలి.

ఈ సరస్సు 1999లో పక్షుల అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. అయినా చేపల చెరువుల గట్లు నీటి నడకకు అడ్డుపడగా, 2006లో ప్రభుత్వం అనేక గట్లను తెగగొట్టించింది. నీరు ఎక్కడ ఆగుతున్నదో, పక్షులు ఎక్కడ వాలుతున్నవో విద్యార్థులచేత పటం గీయిస్తే, విహారం పాఠం కూడా అవుతుంది.