పచ్చికాయలో నిద్రించే శిలీంధ్రం

వేసవి వచ్చిందంటే ఫిలింనగరు నుండి జూబిలీ హిల్సుకు ఎక్కే దారిలో బంగినపల్లి మామిడి బండ్లు కనిపిస్తాయి. నిరుడు అక్కడ ఒక బండి వద్ద చిన్న తగాదా జరిగినది. నా మిత్రులొకరు నాలుగు రోజుల క్రితం డజను దోరకాయలు కొన్నారు. ఇంటిలో మగ్గేసరికి ఏడింటి మీద నల్లని మచ్చలు లేచినవి. “కుళ్ళు కాయలు అంటగట్టావు. కార్బైడు వేసి మగ్గబెట్టి ఉంటావు” అని ఆయన నిందించగా, బండివాడు, “మీరే ఏరుకున్నారు గదా సార్, అప్పుడు ఒక్క మచ్చ అయినా ఉన్నదా?” అన్నాడు.

బండివాని మాట నిజం. కొన్ననాడే కాయలో తెగులున్నదని మా మిత్రుడు అనడమూ నిజమే. కార్బైడుతో పండ్లను మగ్గబెట్టడం మన దేశంలో నిషిద్ధం గనుక ఆ అనుమానం రావడంలో వింత లేదు. కాని ఈ మచ్చలు వేరొకటి చెబుతున్నవి.

వీటిని కలిగించేది కొలెటోట్రైకం గ్లియోస్పోరియాయిడిస్ అనే శిలీంధ్రం. పేరు నోరు తిరగనిదే గాని, దీని పని మామిడి రైతులందరికీ తెలుసు. ఈ తెగులును మచ్చతెగులు అనీ, పక్షికన్ను తెగులు అనీ అంటారు. బొప్పాయిని, జామను కూడా ఇది విడువదు.

చెట్టు మీద ఎండిపోయిన పుల్లలలో, మాడిన ఆకులలో ఈ శిలీంధ్రం కాపురముంటుంది. వాన చినుకు పడినప్పుడు దాని సిద్ధబీజాలు నీటితోపాటు చింది పూతమీద, పిందెలమీద పడతాయి. పైకొమ్మ నుండి కారిన నీరు కాయమీదుగా జారితే, ఆ జాడ వెంటనే మచ్చలు వరుసగా లేచి కన్నీటి చారల వలె కనబడతాయి. పలుచని నీటిపొర కొన్ని గంటలపాటు నిలిస్తే చాలు, సిద్ధబీజం మొలకెత్తుతుంది. మొలక చివర నల్లని గట్టి కణం ఒకటి తయారై కాయ తొక్కకు అంటుకొంటుంది. దాని అడుగు నుండి సన్నని ముల్లు వంటి తంతువు బయలుదేరి, ఏ గాయమూ లేకున్నా, తొక్కమీది మైనపు పొరను పొడుచుకొని లోపలికి పోతుంది.

తమాషా ఏమంటే, అంత శ్రమపడి లోపలికి వచ్చినది అక్కడే ఆగిపోతుంది! పిలవని చుట్టం గడప దాటి, వసారాలో ముసుగుతన్ని పడుకొన్నట్లన్నమాట. పచ్చికాయ తొక్కలో రిసార్సినాల్ జాతి రసాయనాలు ఉంటాయి. అవి శిలీంధ్రాన్ని పెరగనీయవు. కాయ పండేకొద్దీ అవి తగ్గుతాయి, కండ మెత్తబడుతుంది, చక్కెర పెరుగుతుంది. అప్పుడు నిద్రలేచిన శిలీంధ్రం రెండు మూడు రోజులలో మచ్చలు వేస్తుంది. పిందెనాడు సోకిన తెగులు, కొల్లాపూరు తోట దాటి, మార్కెట్టు దాటి, బండి దాటి, తుదకు తినేవాని ఇంటిలో బయటపడవచ్చును. ఈ దారిలో దానిని కంటితో చూడగలవారెవరూ లేరు.

మా మిత్రుని ఆవరణలోనూ ఒక మామిడిచెట్టు ఉన్నది. దాని క్రింది కొమ్మల పూత ఏటేటా నల్లబడి రాలుతున్నది. “మంచుకు మాడిపోతున్నది” అంటారాయన. రైతులూ ఈ మాటే అంటారు. మంచు పూతను కాల్చదు. శిలీంధ్రానికి కావలసిన నీటిపొరను గంటల తరబడి నిలుపుతుంది, అంతే. పైగా ఆయన పచ్చికను తడిపే యంత్రం రోజూ సాయంకాలం ఆ క్రింది కొమ్మలమీదనే జల్లు కొడుతున్నది. రాత్రంతా తడి ఆరదు!

పూతమీద తెల్లని పొడి చల్లినట్లుంటే అది వేరొక శిలీంధ్రం వలన కలిగే బూడిద తెగులు. దానికి నీటిపొరతో పని లేదు. పగలు పొడిగా, రాత్రి చల్లగా ఉంటే చాలు. లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కలిసే గంధకం చల్లితే అది అణగుతుంది. మచ్చతెగులుకు గంధకాన్ని నమ్ముకోరాదు.

దీనికి మొదటి చికిత్స కత్తెర. కోత ముగిసిన తరువాత ఎండుపుల్లలు కత్తిరించి తగులబెట్టాలి. ఆపైన, పూలు విచ్చిన సమయంలో గాక, బోర్డో మిశ్రమం చల్లవచ్చును. 1885లో ఫ్రాన్సులో మిలార్డే ద్రాక్ష తెగులుకై ప్రకటించిన మందు ఇదే. ఒక కిలో మైలతుత్తం, ఒక కిలో సున్నం, 100 లీటర్ల నీరు దీనికి కావాలి. ఇది తొక్కమీద పడిన సిద్ధబీజాన్ని మొలకెత్తనీయదు గాని, లోపలికి దూరినదానిని చేరలేదు. దానికి వేడినీరే గతి. కోసిన కాయలను 52 డిగ్రీల సెంటీగ్రేడు నీటిలో 5 నుండి 10 నిమిషాలు ముంచి, ఆరబెడితే తొక్కలో పడుకొన్న శిలీంధ్రం చాలవరకు చస్తుంది. వేడి హెచ్చితే తొక్క కమిలిపోతుంది. అందుచేత చేతితో చూచి అంచనా వేయక ఉష్ణమాపకం వాడాలి.

మా మిత్రుడు జల్లు యంత్రాన్ని కొమ్మలకు తగలకుండా ప్రక్కకు త్రిప్పి, ఉదయం పూట నడుపుతున్నారు. ఆ బండి వద్ద మళ్ళీ పండ్లు కొంటున్నారో లేదో నేను అడగలేదు.