తాళపత్రములను చదువు వారెవ్వరు?

బమ్మెర పోతనామాత్యుని భాగవతము సమగ్రముగా మనకు దక్కలేదు. పంచమ స్కంధమును గంగనయు, షష్ఠ స్కంధమును సింగనయు, చివరి రెండు స్కంధములను వెలిగందల నారయయు పూరించిరి. పోతన వ్రాసిన యా భాగములు శిథిలమైపోయినవని పరంపరగా వచ్చుచున్న మాట. తెలుగువారు ప్రాణప్రదముగా చూచుకొను గ్రంథమునకే యీ గతి పట్టినప్పుడు, పేరు మరుగుపడిన కవుల, వైద్యుల, జ్యోతిష్కుల, గ్రామకరణముల వ్రాతలు ఎన్ని మట్టిలో గలిసెనో చెప్పనేల?

కాకతీయుల నాటి ఓరుగంటి వీథులలో జనులు ఎట్లు సంచరించిరో, ఏమి భుజించిరో, ఏ వేడుకలు చూచి సంతసించిరో నేడు మనము తెలిసికొన గలుగుచున్నామన్న, అందుకు ముఖ్యాధారము క్రీడాభిరామమను చిన్న వీథినాటకము. మంచనశర్మయు, టిట్టిభసెట్టియు ఒక దినమున నగరమెల్ల తిరిగి చూచిన వింతలే యందలి కథ. అట్టి గ్రంథము చిరకాలము మూటలలో మరుగుపడి యుండగా, మానవల్లి రామకృష్ణకవిగారు వ్రాతప్రతి నుండి దానిని 1909లో వెలువరించిరి. తంజావూరి సరస్వతీ మహలులోని ప్రతి నుండి నన్నెచోడుని కుమారసంభవమును వారు లోకమునకు చూపినదియు ఆ సంవత్సరముననే. అటుపిమ్మట వేటూరి ప్రభాకరశాస్త్రిగారు క్రీడాభిరామమును పరిష్కరించి దాని విలువను విశదపరచిరి. ఈ నాటకమునకు మూలమైన రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము మాత్రము నేటికిని లభింపలేదు. తాటాకు కట్ట పెట్టెలో నుండినంత మాత్రమున క్రీడాభిరామము మనకు దక్కలేదు. దానిని విప్పి, చదివి, వ్రాసి యిచ్చిన వాడొకడు దొరకినందున దక్కెను.

నేడు వ్రాతప్రతుల రక్షణకు నూతన సాధనములు లభించినవి. పూర్వము లేఖకుడు నెలల తరబడి గంటము పట్టి తీసిన ప్రతిని, నేడు కెమెరా కొలది గడియలలో తీయుచున్నది. భారత ప్రభుత్వము 2003లో వ్రాతప్రతుల కొరకు జాతీయ మిషన్‌ను నెలకొల్పెను. 2025 కేంద్ర బడ్జెటులో జ్ఞాన భారతం అను పేర కోటికి మించిన వ్రాతప్రతులను సర్వే చేసి, వివరములు నమోదు చేసి, సంరక్షింతుమని ప్రకటించెను. ఇది ఎల్లరును హర్షింపదగిన సంకల్పము. కాని చిత్రము తీయుటతో పని ముగిసినదని తలంచుట పొరపాటు. వేయి ఆకుల చిత్రములను అంతర్జాలమున నుంచినను, అందు ఓరుగల్లను మాట ఎచ్చట నున్నదో చూపుమని కంప్యూటరు నడిగిన, అది చూపజాలదు. అక్షరమక్షరముగా చదివి, టైపు చేసి, ఆ పాఠమును ఆకు చిత్రము ప్రక్కన జతపరచిన నాడు గాని, దూరదేశముననున్న పరిశోధకునకును, మన పల్లెలోని విద్యార్థికిని అది యుపయోగపడదు.

ఈ చదువు సులభమైనది కాదు. ఆకుపై గంటముతో గీసిన గీతలలో మసి పూసిన గాని అక్షరము స్పష్టముగా కనబడదు. పదమునకు పదమునకు నడుమ ఎడము లేదు, పద్యపాదములు విడదీయబడవు. ధర్మమను మాటలో రేఫము వలపలగిలకయై మకారము వెనుక నిలుచును. పెక్కు ప్రతులలో సున్న తరువాతి హల్లు జంటగా నున్న అది నిండుసున్న యనియు, ఒంటిగా నున్న అరసున్న యనియు గ్రహింపవలెను. ఈ మర్యాద యెరుగని వాడు లేఖకుని తప్పని తలంచి దిద్దబోయి ఛందస్సునే చెరచును. కరణము లెక్కలలో వచ్చు కాలు, అర, ముక్కాలు గుర్తులను నేటి పట్టభద్రులలో ఎందరు పోల్చుకొనగలరు? అచ్చు పుస్తకములను చదువు యంత్రవిద్య తెలుగున కొంతవరకు ఫలించినది. వ్రాతప్రతుల విషయమున ఆ యంత్రమునకు చదువు నేర్పవలెనన్నను, మనుష్యులు నిర్దుష్టముగా చదివి యిచ్చిన పుటలే మొదట కావలెను. ఈ లిపిని ధారాళముగా చదువు పండితులు వృద్ధులగుచున్నారు. నిమ్మగడ్డి నూనె పూసి ఆకులను మరికొంత కాలము నిలుపుకొనవచ్చును. చదువు వారిని నిలుపుకొను మార్గము, ఆ విద్యను పిన్నలకు నేర్పించుట యొక్కటియే.

ఈ మార్గము మనకు క్రొత్తది కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొర కడపలో పండితులను నియమించి, ఒక్కొక గ్రంథమునకు పలు ప్రతులు తెప్పించి, పోల్చి చూచి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన సంకలనపరచిన వేమన పద్యములు 1829లో అచ్చుపడినవి. ఇంగ్లండున లండన్ యూనివర్సిటీ కాలేజీ వారు తత్త్వవేత్త జెరెమీ బెంథాము చేవ్రాత కాగితములను 2010 మొదలు ప్రజల ముందుంచగా, సామాన్యులే ఇండ్ల నుండి వానిని చదివి యెత్తి వ్రాయుచు వచ్చిరి. మన తెలుగు వికీసోర్సులోను స్వచ్ఛంద సేవకులు అచ్చు గ్రంథముల పుటలను ఒకరు దిద్దగా మరియొకరు సరిచూచి పాఠమును స్థిరపరచుచున్నారు. ఈ పద్ధతినే వ్రాతప్రతులకును వర్తింపజేయవచ్చును.

ఇందుకు ఓరుగల్లు తగిన క్షేత్రము. నిజాము పాలనలో తెలుగునకు ఆదరణ కరవైన దినములలో, 1904లో, హనుమకొండ యందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయ మేర్పడెను. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానముగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఊరూర నున్నవారు తమకు తెలిసిన కవుల రచనలను పంపినందుననే అది సాధ్యమయ్యెను. హైదరాబాదున ఉస్మానియా ప్రాంగణమున ప్రాచ్యలిఖిత గ్రంథాలయ ముండగా వేరొక ప్రయత్నమేల యని కొందరడుగవచ్చును. పల్లెయింటి అటుక మీది కట్ట దానంతటది హైదరాబాదునకు నడచిపోదు.

కావున జరుగవలసిన పనులు స్పష్టము. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు లేఖన పఠనమును పాఠ్యాంశముగా చేర్చి, యెత్తి వ్రాసిన పుటలకు మార్కులీయవలెను. చిత్రము తీయువారు ఇంటికే పోయి, యజమాని యెదుట తీసి, కట్టను అచ్చటనే విడువవలెను. ఇచ్చిన గ్రంథము తిరిగి రాదను భయముననే పలువురు పెట్టె తెరువరు. ఇంటివారి సమ్మతితో ఊరి పేరును, ప్రతి వచ్చిన వృత్తాంతమును వ్రాసి యుంచవలెను. ఆకు మీది పాఠమును ఉన్నదున్నట్లు ఒకచోటను, పండితుడు సవరించిన పాఠమును మరియొకచోటను చూపవలెను. రెండింటిని కలిపిన పిదప తప్పు ఎవరిదో తేలదు. పురాణ కావ్యములతో తృప్తి చెందక, కులపురాణములు చెప్పు కళాకారుల యిండ్లలోని ప్రతులను, నాటు వైద్యుల చిట్టాలను, చెరువుల లెక్కలను గూడ సమానగౌరవముతో చేర్చవలెను. చేసినదానిని ఎల్లరకు ఉచితముగా తెరచి యుంచవలెను.

సరస్వతీపూజ నాడు పసుపు కుంకుమలు చల్లి మరల మూట గట్టు ఆచారము కొన్ని యిండ్లలో గలదు. చదువజాలని ఆకులను ఏటిలో విడిచిన కుటుంబములును లేకపోలేదు. ఓరుగంటి సీమలోని గృహస్థులు రానున్న పూజకు ఆ మూటను విప్పి, చదువగల వారిని పిలిచి, ఒక్క యాకునైనను చదివించి వినవలెనని మా విన్నపము. చదువగల పెద్దలు తమ ఊరి బాలురకును బాలికలకును ఆ లిపిని నేర్పవలెను. ప్రభుత్వము కెమెరాలకు వెచ్చించు ధనములో కొంత భాగమును ఆ గురుశిష్యులకు కేటాయింపవలెను.