నీటి స్కూటరు ప్రమాదములు – తయారీదారుని బాధ్యత

యంత్రము వలన ప్రాణహాని కలిగినపుడు తప్పు ఎవరిది? నడపినవానిదా, అద్దెకిచ్చినవానిదా, లేక దానికి ఆ రూపమిచ్చి విక్రయించినవానిదా? అమెరికా న్యాయస్థానములలో నీటి స్కూటర్ల విషయమున ఈ ప్రశ్న పలుమార్లు విచారణకు వచ్చినది. అందొక వ్యాజ్యమును ఇచ్చట వివరింపదలచితిమి.

ముందుగా యంత్రమును గూర్చి చెప్పవలెను. మోటారుసైకిలుపై వలె కూర్చుండి నీటిమీద నడుపు ఈ వాహనమును గోవా మున్నగు తీరములలో మీలో కొందరు చూచియే యుందురు. జనులు దీనిని 'జెట్ స్కీ' యందురు. నిజమునకది కవాసాకీ కంపెనీవారు తమ వాహనమునకు పెట్టుకొన్న పేరు. వనస్పతి నంతటిని డాల్డా యనుట వంటిదే ఇదియు. వాహనములోని పంపు అడుగునుండి నీటిని పీల్చి, వెనుక గొట్టము గుండా మహావేగముతో చిమ్మును. గాలి నింపిన బుడగను మూతి కట్టక వదలినచో ముందుకు దూకును గదా! తరగతిలో న్యూటను మూడవ సూత్రము చెప్పునపుడు మేము ఆ బుడగనే చూపుచుందుము. హాండిలు త్రిప్పినచో గొట్టపు మూతి ప్రక్కకు తిరుగును. పడవకున్నట్లు చుక్కాని లేదు. వాహనమును మలుపునది ఆ నీటిధార యొక్కటియే.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఎదుట పడవ కానవచ్చినచో క్రొత్తవాడు భయపడి, వేగమునిచ్చు మీటను వదలి, హాండిలును ప్రక్కకు త్రిప్పును. సైకిలు నేర్చిన ఏ బాలుడైనను అట్లే చేయును. కాని మీట వదలగనే ధార ఆగును. ధార లేనిదే మలుపు లేదు. వాహనము తిన్నగనే పోయి పడవను కొట్టును. తప్పించుకొనవలెనన్న మీటను నొక్కియే యుంచవలెను! 1998లో అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ఈ ప్రమాదములను పరిశీలించి, మీట వదలినను మలుపు తిరుగు ఏర్పాటును గూర్చియు, బ్రేకును గూర్చియు ఆలోచింపవలసినదని తయారీదారులకు సూచించినది. తరువాత కొందరు అట్టి ఏర్పాట్లు చేసిరి.

ఇక వ్యాజ్యము. 1989లో పన్నెండేండ్ల అమెరికా బాలిక యొకతె ప్యూర్టోరికో దీవిలో, అద్దెకు తీసికొన్న యమహా వాహనమును నడపుచు, లంగరు వేసియున్న పడవకు కొట్టుకొని మరణించినది. తలిదండ్రులు కంపెనీపై దావా వేసిరి. ప్రమాదము సముద్రమున జరిగినది కావున సముద్ర న్యాయమే వర్తించుననియు, దాని ప్రకారము అంత్యక్రియల వ్యయము మాత్రమే ఈయదగుననియు కంపెనీ వాదించినది. బిడ్డ ప్రాణమునకు అంతియే వెల! 1996 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా ఆ వాదమును త్రోసిపుచ్చినది. నావికులు కానివారు తీరజలములలో మరణించినచో, రాష్ట్ర చట్టము లిచ్చు పరిహారమును సముద్ర న్యాయము అడ్డగింపజాలదని జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఆ తీర్పున వ్రాసిరి.

ద్వారము తెరచుకొనుట వేరు, గెలుచుట వేరు. భయవేళ చేతివ్రేళ్ళు బిగిసికొనును గావున, వ్రేళ్ళతో నొక్కు మీటను అమర్చుటయే లోపమని తలిదండ్రుల పక్షమువారు నిపుణులను తెచ్చిరి. న్యాయాధిపతి వారి సాక్ష్యమును కొంత పరిమితము చేసెను. జ్యూరీ కంపెనీ పక్షముననే నిలిచినది. 2003లో అప్పీలు కోర్టును దానినే స్థిరపరచినది. ప్రమాదము నాటికిని ఆ తీర్పునకును నడుమ పదునాలుగేండ్లు గడచినవి. ఇట్టి వ్యాజ్యములలో హాని జరిగినదని చూపుట చాలదు. యంత్రమున లోపము కలదనియు, ఆ లోపము వలననే హాని కలిగినదనియు రుజువు చేయవలెను. రెండవది మిక్కిలి కష్టము.

మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ఈ బాధ్యతకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము నిచ్చినది. 2020 జులై 20 నుండి అది అమలులోనున్నది. తయారీలో గాని రూపకల్పనలో గాని లోపమున్నను, తగిన హెచ్చరిక లేకున్నను తయారీదారుడు బాధ్యుడు. అయితే అపాయము బాహాటమైనదో, అందరెరిగినదో అయినచో, హెచ్చరింపలేదను నేరము అతనిపై నిలువదు. మీట వదలినచో మలుపు పోవునను సంగతి అట్టిదేనా? ఈ వ్యాసమునకు ముందు మీలో ఎందరెరుగుదురు?