మెట్లు కట్టించినవాడిదే కొండ

శివరాత్రికో ఉగాదికో శ్రీశైలం బస్సెక్కే వాళ్ళు మన హాస్టల్లో చాలామందే ఉన్నారు. దోర్నాల దాటాక ఘాట్ రోడ్డు, దర్శనం క్యూ, రోప్‌వే, డ్యామ్ దగ్గర సెల్ఫీ. నేనూ అంతే. పోయిన ఉగాదికి మాత్రం కన్నడ భక్తుల గుంపుతో కలిసి ఆత్మకూరు వైపు నుంచి నల్లమలలో నడిచి వెళ్ళాం. నాగలూటి, పెచ్చెరువు దాటి భీమునికొలను లోయ దగ్గరికి వచ్చేసరికి మోకాళ్ళు పట్టేశాయి. అక్కడ రాతి మెట్లు! "ఈ అడవిలో ఇన్ని రాళ్ళు ఎవడు పరిచాడ్రా?" అన్నాడు మా ఫ్రెండు. జవాబు వెతుకుతూ పోతే మూడు రాజ్యాల కథ బయటపడింది.

శ్రీశైలం ఆ కాలపు పెద్ద రాజ్యాల్లో దేనికీ రాజధాని కాదు. ఓరుగల్లు, అద్దంకి, కొండవీడు, విజయనగరం... అధికారం అంతా వేరే చోట్ల ఉండేది. ఇక్కడ ఉన్నది గుడి, మఠాలు, చుట్టూ చెంచుల అడవి. కానీ ఈ కొండకి నాలుగు ద్వారాలు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. తెలుగువాళ్ళు, కన్నడిగులు, మరాఠీలు ఏటా ఇక్కడికి వచ్చేవాళ్ళు. పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణాన్నే ఈ పర్వతానికి ఇచ్చాడు. పేపరూ టీవీ లేని రోజుల్లో ఇంతమంది నోట తన పేరు పలికితే రాజుకి అంతకంటే ఏం కావాలి?

1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకుంది. కాకతీయుల కథ ముగిసింది. ఆ ఖాళీలో అద్దంకి దగ్గర ప్రోలయ వేమారెడ్డి కొత్త రాజ్యం నిలబెట్టాడు. పాత రాజవంశం అండ లేదు, చుట్టూ పోటీదారులు. అలాంటి మనిషి శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించాడు. భక్తి లేదని నేననను. కానీ దారి బాగుచేసినవాడిని జనం తమ రాజుగా ఒప్పుకుంటారని కూడా ఆయనకు తెలిసే ఉంటుంది.

యూరప్‌లో జర్మన్ రాజులు చక్రవర్తి కిరీటం కోసం ఆల్ప్స్ దాటి రోమ్ వెళ్ళేవాళ్ళు. అక్కడ కిరీటం పెట్టడానికి పోప్ ఉన్నాడు. మన కొండమీద అలా పెట్టేవాళ్ళు లేరు. ఒక కట్టడం కట్టించి, శాసనం చెక్కించి, వచ్చేపోయే జనానికి చూపించుకోవాల్సిందే.

ఆ వంశంలోనే అనవేమారెడ్డి 1377లో వీరశిరోమండపం కట్టించాడు. వీరశైవ భక్తులు తమ తలలు, నాలుకలు కోసి దేవుడికి అర్పించుకునే చోటు అది. చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. ప్రాణం ఇచ్చింది భక్తుడు, శాసనంలో కీర్తి దక్కింది రాజుకి. ఇందులో ఎంత భక్తి, ఎంత రాజకీయం? నాకింకా తేలలేదు.

తర్వాత కొద్ది ఏళ్ళకే చేతులు మారాయి. విజయనగర రాజు రెండవ హరిహరరాయలు ఈ ప్రాంతాన్ని రెడ్ల నుంచి లాక్కున్నాడు. 1390ల్లో ఆయన రాణి విఠలాంబ పేరు పాతాళగంగ మెట్ల మీదకొచ్చింది. మల్లికార్జునుడి గుడి ముందు ముఖమండపం హరిహరరాయలది. యుద్ధం ఎక్కడ జరిగిందో తెలియకపోయినా, ఎవరు గెలిచారో ఈ రాళ్ళు చూస్తే తెలిసిపోతుంది.

1515లో కొండవీడు గెలిచాక శ్రీకృష్ణదేవరాయలు కూడా ఇక్కడికే వచ్చాడు, రథవీధిలో మండపాలు కట్టించాడు. 1677లో దక్షిణ దండయాత్ర మధ్యలో శివాజీ వచ్చాడు. ఉత్తర గోపురాన్ని ఇప్పటికీ శివాజీ గోపురం అనే అంటారు.

రాజులందరి పేర్లూ ఉన్నాయి. భీమునికొలను లోయలోకి ఆ బండలు మోసినవాళ్ళ పేరు ఒక్కటి కూడా నాకు కనబడలేదు. పైకి ఎక్కాక మా ఫ్రెండు అడిగిన ప్రశ్నకి "ప్రోలయ వేమారెడ్డిరా" అని ఇప్పుడు చెప్పగలను. వాడు ఊరుకునే రకం కాదు. "ఆయనే మోశాడా?" అంటాడు.

ఈసారి వెళ్తే మీరూ ఒక పూట మిగుల్చుకుని, మండపాల స్తంభాల దగ్గర ఆగి, అక్షరాలు కనబడతాయేమో చూడండి. వాటి మీద మాత్రం మన పేర్లు చెక్కొద్దు. చెక్కించుకునే హక్కు ఎవరిదనే గొడవ అక్కడ ఇప్పటికే చాలా జరిగింది.