పెట్రోలులో మక్కజొన్న: అపోహలు – వాస్తవాలు

ఇవాళ బంకులో మనం కొట్టించుకునే ప్రతి అయిదు లీటర్ల పెట్రోలులో దాదాపు ఒక లీటరు పొలంలోంచి వచ్చిందే. చెరకు మడ్డి, మొక్కజొన్న, నూకలు, ఎఫ్‌సీఐ గోదాముల్లో మిగిలిపోయిన బియ్యం, వీటిని పులియబెట్టి బట్టీపట్టి తీసిన ఎథనాల్ అది. 2013-14లో నూటికి ఒకటిన్నర పాళ్లు మాత్రమే ఉన్న మిశ్రమం 2022 జూన్‌కి పది పాళ్లకు, 2025కి ఇరవై పాళ్లకు చేరింది. 2030కి పెట్టుకున్న గమ్యాన్ని అయిదేళ్ల ముందే అందుకున్నారు. మన దేశంలో ఇంత వేగంగా అమలైన విధానాలు అరుదు. దీని చుట్టూ పుట్టినన్ని అపోహలు కూడా అరుదే. ఇంజన్లు నాశనమైపోతున్నాయని వాట్సాప్‌లో గగ్గోలు. అన్నదాత కాస్తా ఇంధనదాత అయ్యాడని వేదికల మీద చప్పట్లు. రెండూ సగం నిజాలే. రెండో దాన్ని తరచి అడిగేవాళ్లే తక్కువ.

అపోహ: 20 శాతం ఎథనాల్ పోస్తే బండి షెడ్డుకే

పోసిన మర్నాడే ఏ ఇంజనూ ఆగిపోదు. అలాగని ఏమీ కాదనీ అనలేం. లీటరు ఎథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులే. కాబట్టి మైలేజీ తగ్గడం భౌతికశాస్త్రం, పుకారు కాదు. ఎంత తగ్గుతుందన్నది బండిని బట్టి ఉంటుంది. పాత ప్రమాణాలతో తయారైన కార్లలో 6–7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3–4 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. లీటరుకు 60 కిలోమీటర్లు ఇచ్చే బైకు 58 ఇస్తుందన్నమాట. ఎథనాల్‌కు ఆక్టేన్ విలువ ఎక్కువ. దానికి తగ్గట్టు తయారుచేసిన ఇంజన్లలో నష్టం బాగా తగ్గుతుంది.

2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో రబ్బరు గొట్టాలు, సీళ్లు ఈ ఇంధనాన్ని తట్టుకునేలా ఉంటున్నాయి. అంతకుముందు కొన్నవాళ్లు ఈ భాగాలను కాస్త ముందుగా మార్చుకోవాల్సి రావచ్చు. ఎథనాల్ నీటిని పీల్చుకుంటుంది గనుక బండిని నెలల తరబడి కదపకుండా ఉంచడం మంచిది కాదు. అసలు ఫిర్యాదు వేరే ఉంది. ఎథనాల్ కలపని మామూలు పెట్రోలు కావాలనుకునేవాడికి బంకులో అది దొరకదు. మైలేజీ తగ్గినంత మేర ధరా తగ్గలేదు. ఎథనాల్ మొదట్లో పెట్రోలు కంటే చవకే గానీ, ఇప్పుడు కాదు. 2024-25లో చమురు సంస్థలకు రవాణా, జీఎస్టీ కలిపి లీటరు సగటున 71 రూపాయలు దాటింది. పన్నులు కలపకముందు పెట్రోలు ధర కంటే ఇది ఎక్కువ.

అపోహ: ఎథనాల్ అంటే చెరకు

ఒకప్పుడు నిజమే. 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రాల్లో అయిదు శాతం మిశ్రమంతో ఈ కార్యక్రమం మొదలైనప్పుడు (ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి) ముడిసరుకు చక్కెర తీయగా మిగిలిన మడ్డే. 2018 జాతీయ జీవ ఇంధన విధానం చెరకు రసానికీ, పాడైన ధాన్యానికీ, మిగులు బియ్యానికీ తలుపు తెరిచింది. 2023లో వానలు ముఖం చాటేశాయి. చక్కెర ధర ఎక్కడ పెరుగుతుందోనని ఆ డిసెంబరులో చెరకు రసం వాడకాన్ని కేంద్రం ఆపేసింది. ఆ ఖాళీని మొక్కజొన్న నింపింది. దాని ఎథనాల్‌కు లీటరు 71.86 రూపాయలు, అన్ని ముడిసరుకుల్లోకీ ఎక్కువ ధర ఇచ్చారు. ఇప్పుడు దేశంలో ఎథనాల్‌కు అన్నిటికంటే పెద్ద వనరు మక్కజొన్నే.

తెలుగు నేల మీద చెరకు రైతు ఈ బండి ఎక్కలేకపోయాడు. 1937 నాటి నిజాం షుగర్స్ 2015 చివర్లో మూతబడింది. బోధన్, ముత్యంపేట, మెదక్ చుట్టుపక్కల రైతులు చెరకు మానేసి వరి వేశారు. ఆంధ్రలోనూ సహకార ఫ్యాక్టరీలు వరసగా మూలనపడ్డాయి. మిల్లే లేని చోట మడ్డి ఎక్కడిది?

అపోహ: బీడు భూముల్లో బంగారం పండుతుంది

ఈ మాట ఇప్పుడు వినిపించడం లేదు గానీ, ఇరవై ఏళ్ల కిందట ఊరూరా వినిపించింది. అడవి ఆముదం, అదే జట్రోఫా. నీళ్లక్కర్లేదు, ఎరువక్కర్లేదు, పశువులు ముట్టవు, రాళ్లలోనూ కాస్తుంది, గింజలు పిండితే డీజిలు. 2003లో ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ డీజిలులో ఇరవై శాతం దాకా ఇలాంటి నూనె కలపొచ్చని, అందుకు కోటి హెక్టార్లకు పైగా తోటలు కావాలని లెక్క వేసింది. రాష్ట్రపతి అబ్దుల్ కలాం కూడా ఈ మొక్కను గట్టిగా ప్రోత్సహించారు. కంపెనీలు మెట్ట జిల్లాలకు వచ్చి మొక్కలిచ్చి, గింజలు తామే కొంటామని ఒప్పందాలు రాసుకున్నాయి.

తేలిందేమిటంటే, రాళ్లలో అది బతుకుతుంది. కాయదు. గింజ దిగుబడి రావాలంటే దానికీ నీళ్లు కావాలి, ఎరువూ కావాలి. అవి ఉన్న చెలకలో రైతు వేరుశనగ వేసుకుంటాడు గానీ దీన్నెందుకు వేస్తాడు? లీటరు నూనెకు మూడు నాలుగు కిలోల గింజలు కావాలి. గింజలేరే కూలి కూడా గిట్టలేదు. కాపు రాని తోటల దగ్గరికి కొంటామన్న కంపెనీ మళ్లీ రాలేదు. ఎకరాల కొద్దీ పీకేశారు. గింజలు విషం. తెలియక తిన్న పిల్లలు ఆస్పత్రి పాలైన వార్తలు పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చాయో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2009 విధానం 2017 కల్లా ఇరవై శాతం బయోడీజిల్ అన్నది. ఇవాళ్టికీ అది ఒక శాతం దాటలేదు.

దీని పక్కనే, పెద్దగా చప్పుడు లేకుండా జరిగిన మరో కథ ఉంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే ఆదివాసీ పల్లెలో మహిళా సంఘాలు తమకు ఏనాటి నుంచో తెలిసిన కానుగ చెట్టునే నమ్ముకున్నాయి. కానుగ గింజలు ఏరి, ఊళ్లోనే పెట్టుకున్న నూనె మిల్లులో ఆడించాయి. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తోడు నిలిచారు. డీజిలు బదులు ఈ నూనె వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు గాను 2003లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘాలకు 645 డాలర్లు చెల్లించింది. డబ్బు చిన్నదే. కానీ చెట్టూ, మిల్లూ, నూనే ఊరివాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. జట్రోఫాలో రైతు చేతిలో ఉన్నది మొక్క ఒక్కటే.

అపోహ: తినే తిండిని తగలబెడుతున్నారు

దీన్ని పూర్తిగా అపోహ అనలేను. మడ్డిని ఎవరూ తినరు, పాడైన ధాన్యం పెట్టినా తినరు. అక్కడిదాకా పేచీ లేదు. మరి ఎఫ్‌సీఐ బియ్యం? సేకరణ, నిల్వ, రవాణా అన్నీ కలిపి కిలోకు ప్రభుత్వానికి 40 రూపాయల దాకా పడుతున్న బియ్యాన్ని 2025లో డిస్టిలరీలకు 22.50కి ఇచ్చారు. 52 లక్షల టన్నులు కేటాయించారు. గోదాములు పొంగిపొర్లుతున్నాయి, ఆరుబయట పెట్టి ముక్కబెట్టేకన్నా నయం అన్నది వాదన. అందులో నిజముంది. 2023 జూలైలో కొరత భయంతో ఇదే అమ్మకాన్ని ఆపిన సంగతీ నిజమే. మిగులున్నంత కాలం ఇంధనం, లేనినాడు అన్నం అన్న క్రమం ఇప్పటికైతే నిలబడింది. కానీ వరి తాగే నీళ్లు, ఉచిత కరెంటు, మద్దతు ధర భారం, మీద ఈ రాయితీ, ఇన్నీ కలిపితే ఆ లీటరు ఎథనాల్‌ను చవకైన ఇంధనం అనడం న్యాయం కాదు.

మొక్కజొన్న దెబ్బ మరోచోట తగిలింది. కోళ్ల దాణాలో సగానికి పైగా ఉండేది మక్కలే. అనపర్తి, తణుకు ప్రాంతాల కోళ్ల రైతులకు ఇది తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎన్నో ఏళ్లుగా మొక్కజొన్న ఎగుమతి చేసిన దేశం 2024లో దిగుమతి చేసుకుంది. ఆ ఏడాది ధర బాగుంది, రైతు సంతోషించాడు, కోళ్ల రైతు ఏడ్చాడు. డిస్టిలరీలో పిండి పదార్థం పోగా మిగిలే పిప్పిని డీడీజీఎస్ పేరుతో దాణాగా అమ్ముతారు. మాంసకృత్తులు మెండుగా ఉండే ఈ చవక పిప్పి సోయా చెక్కకు పోటీ వచ్చి, సోయాబీన్ ధరను కిందికి లాగింది. అంటే ఒకే విధానం గుంటూరు మక్క రైతుకు మేలు చేస్తూనే ఆదిలాబాద్ సోయా రైతు జేబు కొట్టగలదు. సభల్లో వినిపించే 'రైతు' ఒక్కడే. పొలాల్లో మాత్రం చాలామంది ఉన్నారు.

అపోహ: హరిత పరిశ్రమను అడ్డుకునేవాళ్లు అభివృద్ధి నిరోధకులు

పెట్రోలుతో పోలిస్తే పొలం నుంచి పొగగొట్టం దాకా లెక్కేసినా చెరకు, మొక్కజొన్న ఎథనాల్‌లు కర్బన ఉద్గారాలను సగమో, అంతకంటే ఎక్కువో తగ్గిస్తాయని ప్రభుత్వ అధ్యయనాలు అంటున్నాయి. సరే. కానీ గాలికి జరిగే మేలు ఢిల్లీ లెక్కల్లో కనబడుతుంది, వాసన మాత్రం ఫ్యాక్టరీ పక్క ఊరికి వస్తుంది. డిస్టిలరీలు కాలుష్య నియంత్రణ మండలి ఎరుపు జాబితాలో ఉన్నవి. ఇంధన ఎథనాల్ పరిశ్రమలకు ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే పర్యావరణ అనుమతి పొందే వెసులుబాటును 2021లో ఇచ్చారు. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో జనం రోడ్డెక్కారు. వాళ్లలో మక్కలు, వరి పండించే రైతులే ఎక్కువ. ఏ పంటకు గిరాకీ తెస్తామని ఫ్యాక్టరీ పెడుతున్నారో ఆ పంట రైతులే వద్దన్నారంటే, ముందు వాళ్లను అడగకపోవడమే తప్పు.

అపోహ: చమురు దిగుమతి బెడద తీరినట్టే

ఎథనాల్ కలిసేది పెట్రోలులో. మన లారీలు, ట్రాక్టర్లు, బస్సులు తాగేది డీజిలు. 2024-25లో దేశం వాడిన పెట్రోలు 4 కోట్ల టన్నులైతే డీజిలు 9 కోట్ల టన్నులకు పైమాటే. విదేశీ మారకం లక్ష కోట్లకు పైగా పదేళ్లలో మిగిలిందన్నది నిజమే. ముడిచమురులో ఎనభై అయిదు శాతానికి పైగా ఇప్పటికీ బయటినుంచే వస్తున్నదన్నదీ అంతే నిజం.

అపోహ: ఎథనాల్ డబ్బు నేరుగా రైతు చేతికి వెళుతుంది

అన్నిటికంటే గౌరవనీయమైన అపోహ ఇది. చెరకులో కొంతవరకు నిజం కూడా. చక్కెర అమ్ముడుపోవడానికి నెలలు పడుతుంది. ఎథనాల్‌కు చమురు సంస్థలు వారాల్లో చెల్లిస్తాయి. ఆ నగదుతో ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర మిల్లులు రైతుల పాత బకాయిలు చాలావరకు తీర్చగలిగాయి. మొక్కజొన్న దగ్గరికొచ్చేసరికి లెక్క వేరు.

క్వింటాలు మక్కలకు సుమారు 38 లీటర్ల ఎథనాల్ వస్తుంది. లీటరు 71.86 చొప్పున 2,730 రూపాయలు. డీడీజీఎస్ అమ్మకం అదనం. రైతుకు 2,400 మద్దతు ధర ఇస్తే డిస్టిలరీకి ఖర్చులకు మిగిలేది 330 రూపాయలు, దానికి తోడు పిప్పి డబ్బు. నిజంగానే బిగువు. మరి 2025 ఖరీఫ్‌లో ఏం జరిగింది? ధర బాగుందని రైతులు విస్తారంగా వేశారు. డిస్టిలరీలకు చవక బియ్యం అందుబాటులోకి వచ్చింది. కర్ణాటక మార్కెట్లలో మక్కలు 1,600–1,800 రూపాయలకు పడిపోయి, రైతులు రోడ్డెక్కారు. ఆ ధరకు కొన్న డిస్టిలరీకి మిగిలేది క్వింటాలుకు వెయ్యి దాకా. చమురు సంస్థ ఇచ్చే లీటరు ధర మాత్రం పైసా తగ్గలేదు. లీటరుకు హామీ ఉంది, క్వింటాలుకు లేదు. మొత్తం విధానంలో అసలు కిటుకు ఇక్కడే ఉంది.

కల్లంలో ఆరబోసిన మక్కల్లో చెయ్యి పెట్టి, తేమ ఎక్కువుందని తరుగు తీసే దళారికి ఇరవై శాతం మిశ్రమం సంగతి తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. 2024 ఆరంభంలో నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ అనే సహకార సంస్థలు మద్దతు ధరకు మొక్కజొన్న కొని డిస్టిలరీలకు అందించే ఏర్పాటు ఒకటి ప్రకటించారు. ఉద్దేశం మంచిదే. కానీ బజారులో చవకగా దొరుకుతుంటే ఆ దారినే కొనాలన్న కట్టుబాటు డిస్టిలరీకి లేదు. 2025-26కు చమురు సంస్థలు దాదాపు 1,050 కోట్ల లీటర్లు అడిగితే డిస్టిలరీలు 1,776 కోట్ల లీటర్లు ఇస్తామన్నాయి. సగం సామర్థ్యంతో నడిచే ఫ్యాక్టరీ ముందుగా బిగించేది ముడిసరుకు ధరనే. కాబట్టి ఫ్యాక్టరీలు పెరిగితే రైతు ధర తనంతట తానే పెరుగుతుందన్న ఆశ కూడా పెట్టుకోలేం.

చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. మొక్కజొన్న ఎథనాల్‌కు 71.86 చెల్లించేది ప్రభుత్వ రంగ చమురు సంస్థలే. మద్దతు ధరకు తగ్గకుండా కొన్నట్టు రైతు పేరున, బ్యాంకు ఖాతా ద్వారా జరిగిన చెల్లింపు రశీదు చూపిన డిస్టిలరీకే ఆ ధర వర్తిస్తుందని టెండరులో ఒక షరతు రాస్తే చాలు. మీ ఊరి దగ్గర ఎథనాల్ ఫ్యాక్టరీ వస్తున్నదంటే, నీళ్లెన్ని, వ్యర్థాలు ఎక్కడికి అని అడగండి. దాంతోపాటు క్వింటాలు ఎంతకు కొంటారో, కాగితం మీద రాసిస్తారో లేదో కూడా అడగండి.