చేతి ఫోనులో వాన లెక్క: సీమ విద్యార్థులకు వాతావరణ పాఠం

2009లో నైరుతి రుతుపవనాలు దేశమంతటా నిరాశపరిచాయి. కరువు సంవత్సరంగా నమోదైన అదే ఏడాది, అక్టోబరు ఆరంభంలో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. 2021 నవంబరులో నాటి కడప జిల్లాలో చెయ్యేటి వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ పల్లెలు అతలాకుతలమయ్యాయి. ఇటువంటి సీమలో పెరిగే పిల్లలకు వాతావరణ మార్పులను బోధించడానికి ధ్రువప్రాంతపు మంచు చిత్రాలతో పని లేదు. వారి ఊరి వానే పాఠ్యపుస్తకం. ఆ పుస్తకాన్ని చదవడానికి స్మార్ట్‌ఫోను మంచి సాధనం కాగలదు.

అయితే ఫోనులో వీడియో చూపినంత మాత్రాన పాఠం పూర్తి కాదు. ఫోను విద్యార్థికి కొలతల పుస్తకం కావాలి. కొలిస్తే నేర్చుకోగలమన్న దానికి మన ప్రాంతంలోనే నిదర్శనం ఉంది. 2003లో ఉమ్మడి రాష్ట్రంలోని 7 కరువు జిల్లాల్లో రైతుల భూగర్భజల యాజమాన్య పథకం మొదలైంది. వాటిలో కర్నూలు, కడప కూడా ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో నడిచిన ఆ పథకంలో రైతులే వాననూ, బావుల నీటిమట్టాన్నీ కొలిచి, ఉన్న నీటికి తగిన పంటలను ఎంచుకోవడం నేర్చుకున్నారు. నాడు పెద్దలు కాగితంపై రాసిన లెక్కను నేడు విద్యార్థులు ఫోనులో రాయవచ్చు.

ఉన్నత పాఠశాలల్లో మూడు పనులతో దీనిని ఆరంభించవచ్చు.

మొదటిది వాన కొలత. అడుగు నుంచి పైదాకా ఒకే వెడల్పు గల పాత్రను ఆరుబయట ఉంచి, ప్రతి ఉదయం 8.30 గంటలకు అందులోని నీటి ఎత్తును మిల్లీమీటర్లలో కొలిచి, ఫోనులోని పట్టికలో నమోదు చేయాలి. ఎకరంపై 1 మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్ల నీరు. 25 మిల్లీమీటర్లకు లక్ష లీటర్లు. ఈ లెక్క చేసిన విద్యార్థికి వృథాగా పారిపోయే నీటి విలువ తెలుస్తుంది.

రెండవది సూచనతో సరిపోల్చడం. 2019లో వచ్చిన 'మేఘదూత్' యాప్‌లో వాతావరణ సూచనలు, పంట సలహాలు తెలుగులోనూ లభిస్తున్నాయి. ఆ సూచన పక్కన తమ ఊరి కొలతను రాస్తే, జిల్లాకు చెప్పిన వాన ప్రతి చేనుకూ ఒకేలా పడదని అర్థమవుతుంది.

మూడవది బోరు లెక్క. 200 లీటర్ల డ్రమ్ము నిండే సమయాన్ని పెద్దల సమక్షంలో ఫోను గడియారంతో చూడాలి. 100 సెకన్లలో నిండితే బోరు సెకనుకు 2 లీటర్లు పోస్తున్నట్లు. నెలనెలా రాస్తే బోరు తగ్గుదల కళ్లకు కడుతుంది.

ఇక్కడ ఉపాధ్యాయులు ఒక హెచ్చరిక చేయాలి. ఒక ఏడాది లెక్క వాతావరణాన్ని మాత్రమే చూపుతుంది. శీతోష్ణస్థితిని చెప్పడానికి సాధారణంగా 30 ఏళ్ల లెక్క కావాలి. అందుకే తాతలు, అవ్వలు ఏ కార్తెలో ఏ పైరు విత్తేవారో ఫోనులో రికార్డు చేసి, దానిని వాతావరణ శాఖ పాత గణాంకాలతో పోల్చి చూడాలి. జ్ఞాపకాన్నీ అంకెతో పరీక్షించాలని పిల్లలు నేర్చుకుంటారు. కారణాన్నీ వివరించాలి. ఉష్ణోగ్రత 1 డిగ్రీ సెల్సియస్ పెరిగితే గాలి సుమారు 7 శాతం అధికంగా నీటి ఆవిరిని పట్టుకోగలదు. అందువల్ల కురిసినప్పుడు కుంభవృష్టికి అవకాశం పెరుగుతుంది. కురవనప్పుడు వేడిగాలి నేల తేమను త్వరగా పీల్చేస్తుంది.

ఇది పరీక్ష మార్కులకే పరిమితమైన చదువు కాదు. తొలి జల్లుకే ఎర్రనేలలో వేరుశనగ విత్తి, తరువాత వాన ముఖం చాటేస్తే విత్తనం ఖర్చంతా మట్టిపాలే. వాన లెక్క తెలిసిన బిడ్డ ఇంట్లో ఉంటే, “నాయనా, ఇంకా పదును చాల్లేదు, సూచన కూడా చూసి విత్తుదాం” అనగలదు. అదను దాటితే, నంద్యాల పరిశోధనా స్థానం అందించిన 'సూర్యనంది' కొర్ర వంటి స్వల్పకాలిక రకాల గురించి అడగగలదు.

చాలా ఇళ్లలో ఫోను ఒక్కటే. అదీ తండ్రి జేబులోనో, అన్న చేతిలోనో ఉంటుంది. కనుక జట్టుకు ఒక ఫోను ఏర్పాటు చేసి, నమోదు బాధ్యతను ఆడపిల్లలకూ సమానంగా అప్పగించాలి. పొలం పనిలో సగం మోసే వారికి వాన లెక్కలో భాగం లేకపోతే ఆ లెక్క అసంపూర్ణమే.

ఈ ముంగారులో మొదలుపెట్టిన పట్టిక ఒక తరం గడిచేసరికి ఆ ఊరి శీతోష్ణస్థితికి సాక్ష్యపత్రమవుతుంది. తొలి అంకె వేయడానికి ఒక పాత్ర, ఒక స్కేలు, ఒక ఫోను చాలు.